అణుశక్తి నియంత్రణ మండలి: దాని బాధ్యత, దాని అధికారము

(మన సంఘపు నెలవారీ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మన సమావేశములలో పాఠశాలల తెలుగు తరగతులను గూర్చియు, విద్యార్థి వసతిగృహ నిధిని గూర్చియు ముచ్చటించుకొనుట వాడుక. ఈ పర్యాయము అణుభద్రతను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము వర్తకులము, మెట్రిక్యులేషను దాటి చదివినవారము కాము. రియాక్టరు లోపల ఏమి జరుగునో చెప్పుటకు శాస్త్రజ్ఞులు కలరు. కాని ఆ పనిని తనిఖీ చేయువారెవరు, వారికి గల అధికారమెంత అను ప్రశ్న పరిపాలనకు సంబంధించినది. దానిని అడుగుటకు ప్రతి పౌరునకును హక్కు కలదు.

తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ విషయము దూరపుది కాదు. తమిళనాడున కల్పాక్కము, కూడంకుళము, కర్ణాటకమున కైగా, మహారాష్ట్రమున తారాపూరు అణువిద్యుత్ కేంద్రములకు నెలవులు. దేశమున అణువిద్యుదుత్పత్తి 1969లో తారాపూరు నుండియే ఆరంభమైనది. హైదరాబాదులోని అణు ఇంధన సంస్థ ఈ కేంద్రములలో పెక్కింటికి ఇంధనము సిద్ధము చేయుచున్నది. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో పెద్ద కేంద్రము నిర్మింపవలెనను ప్రతిపాదన కలదు. మనమున్న చోటను, మన బంధువులున్న చోటను ఈ మాట వచ్చుచునే యున్నది.

అంగడిలో మనమెరిగిన పద్ధతి యొకటి కలదు. తూకపురాయి వర్తకునిది, దానిపై ముద్ర తూనికలు కొలతల శాఖవారిది. వర్తకుడు ఎంతటి సత్యసంధుడైనను తన రాళ్ళకు తానే ముద్ర వేసికొనుట చెల్లదు. దీనిని అవమానముగా ఏ వర్తకుడును తలపడు. ముద్ర పరాయిచేతిది గనుకనే కొనువాడు నమ్మి కొనును. అణుభద్రతా నియంత్రణమునకు మూలసూత్రమును ఇదియే. విద్యుత్తు ఉత్పత్తి చేయువాడు వేరు, అది క్షేమమని ముద్ర వేయువాడు వేరు కావలెను.

మన దేశమున ఆ ముద్ర వేయు సంస్థ అణుశక్తి నియంత్రణ మండలి. 1962 నాటి అణుశక్తి చట్టము క్రింద, 1983 నవంబరు 15న రాష్ట్రపతి ఉత్తరువుచే అది ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయము ముంబయిలో నున్నది. కేంద్రమునకు స్థలము నిర్ణయించుట, నిర్మించుట, ప్రారంభించుట, నడపుట, కడపట మూసివేయుట అను ప్రతి దశయందును మండలి అనుమతి వలయును. ఒక దశకిచ్చిన అనుమతి మరియొక దశకు చెల్లదు. నడపుటకిచ్చు లైసెన్సునకు గడువు కలదు. గడువు తీరినపుడు మరల పరీక్షించి గాని పొడిగింపరు. మండలి అధికారులు కేంద్రములను తనిఖీ చేయుదురు. లోపము కన్పట్టినచో హెచ్చరింపవచ్చును, సవరింపుమని గడువు పెట్టవచ్చును, పని నిలిపివేయవచ్చును, లైసెన్సును రద్దు చేయవచ్చును.

వికిరణమునకు హద్దులు విధించునదియు మండలియే. పనివారికి 5 సంవత్సరముల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క యేడాదిలోను 30కి మించరాదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మాత్రమే. సీవర్టనునది వికిరణము వలన శరీరమునకు కలుగు హానిని కొలుచు మానము.

ఈ అధికారము కాగితముపై మాత్రమే కలదా యని కొందరు అడుగుదురు. రెండు సందర్భములు మనవి చేసెదము. 1994 మే 13న కైగాలో మొదటి యూనిటు నిర్మాణములో నుండగా, రియాక్టరు భవనపు లోపలి గుమ్మటము నుండి కాంక్రీటు పెద్దయెత్తున ఊడి క్రింద పడినది. ఇంధనమింకను నింపలేదు గనుక వికిరణ భయము లేకపోయినది. మండలి పనిని నిలిపివేసినది. నమూనా సవరించి, గుమ్మటమును క్రొత్తగా కట్టిన తరువాతనే కేంద్రము ముందునకు సాగి, 2000లో విద్యుత్తు నిచ్చినది. సంవత్సరముల జాప్యమైనది, ధనవ్యయమును అయినది. అయినను ఆ "ఆగుము" అను మాట చెప్పగలుగుటయే నియంత్రణము.

రెండవది 2004 డిసెంబరు 26 నాటి సునామీ. కల్పాక్కమున సముద్రపు నీరు పంపుగృహములోనికి చొరబడినది. నడచుచున్న రెండవ యూనిటును సిబ్బంది క్షేమముగా నిలిపివేసిరి. పరిశీలన ముగిసి మండలి సమ్మతించిన మీదటనే దానిని మరల నడిపిరి.

ఇంతవరకు మెచ్చదగిన సంగతులు. ఇక లోటును చెప్పవలెను. మండలి ఏర్పడిన నాటినుండి అణుశక్తి కమీషనుకు జవాబుదారిగా నుండుచు వచ్చినది. ఆ కమీషను అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శియే. విద్యుత్ కేంద్రములను నడపు ప్రభుత్వ సంస్థయు ఆ శాఖ క్రిందిదే. అనగా ముద్ర వేయు గుమాస్తా జీతము అంగడి యజమాని పెట్టెనుండియే వచ్చుచుండెనన్నమాట. 1993 నుండి 1996 వరకు మండలి అధ్యక్షులుగా నుండిన డాక్టరు ఎ. గోపాలకృష్ణన్ గారు, పదవి విడిచిన పిదప, మండలికి స్వతంత్రత చాలదని బహిరంగముగానే చెప్పిరి.

2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక ఈ లోటును లెక్కలతో చూపినది. దేశమున 57,443 వైద్య ఎక్సురే కేంద్రములుండగా, మండలి వద్ద నమోదైనవి 5,270 మాత్రమే. నియమోల్లంఘనకు విధింపదగిన గరిష్ఠ జరిమానా 500 రూపాయలు! మన వీధిలో త్రాసు తప్పిన చిల్లర వర్తకుడు ఇంతకంటె ఎక్కువ భయపడును. అంతకు ముందే, 2011లో, స్వతంత్ర ప్రాధికార సంస్థకై ఒక బిల్లు లోకసభకు వచ్చినది. 2014లో సభ రద్దగుటతో అదియు మురిగిపోయినది.

ఇతర దేశములు ఈ పాఠమును ముందే నేర్చినవి. అమెరికాలో అణుశక్తిని ప్రోత్సహించు పనియు, నియంత్రించు పనియు ఒకే కమీషను చేతిలో నుండెడివి. 1974 నాటి చట్టముచే వానిని విడదీసి, 1975లో ప్రత్యేక నియంత్రణ కమీషనును నెలకొల్పిరి. జపానులో నియంత్రణ సంస్థ పరిశ్రమల మంత్రిత్వశాఖ క్రిందనే యుండెను. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదము జరిగిన తరువాత గాని, 2012లో దానిని రద్దుచేసి వేరు సంస్థను ఏర్పరుపలేదు. పాఠమొకటే; జపాను దానికి పెద్ద మూల్యము చెల్లించినది.

2025 డిసెంబరులో మన పార్లమెంటు "శాంతి" అను పొట్టిపేరు గల క్రొత్త అణుశక్తి చట్టమును ఆమోదించినది. దానిచే మండలికి చట్టబద్ధమైన ప్రతిపత్తి కల్పించిరి, ఇది సంతోషింపదగినది. ఆ చట్టమే ప్రైవేటు సంస్థలకును అణువిద్యుత్ రంగమున ద్వారము తెరచినది. లాభమునకై పెట్టుబడి పెట్టుట తప్పని వర్తకులమగు మేము అనము. కాని లాభము చూచుకొనువాడు ప్రవేశించిన చోట తనిఖీదారు మరింత గట్టివాడై యుండవలెనని మాకంటె బాగుగ నెరిగినవారెవరు? కావున మూడు సంగతులను కనిపెట్టి యుండవలెను: మండలి సభ్యులను ఎంచువారెవరు? దాని ఖర్చునకు ధనమిచ్చువారెవరు? అది తన నివేదికలను ఎవరి ముందుంచును? ఈ మూడింటను అణుశక్తి శాఖ చేయి ఎంత తగ్గిన, ముద్రకు విలువ అంత హెచ్చును.

మండలి పని విద్యుత్ కేంద్రములతో ముగియదు. ఎక్సురే గది, సి.టి. యంత్రము, కాన్సరు చికిత్సా యంత్రము, కర్మాగారములలోని వికిరణ పరికరములు అన్నియు దాని పరిధిలోనివే. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయము వాడుకలో లేని యొక పరికరమును వేలము వేసినది. అందు కోబాల్టు-60 ఉన్నది. మాయాపురి ఇనుప తుక్కు అంగళ్ళలో దానిని ముక్కలు చేసిరి. ఒక కార్మికుడు మరణించెను. మరికొందరు ఆసుపత్రి పాలైరి. మండలి ఆ విశ్వవిద్యాలయమునకు సంజాయిషీ నోటీసు పంపి, వికిరణ పదార్థముల వాడకమును నిలిపివేయించినది. తుక్కు వ్యాపారము చేయు మనవారు అనేకులు కలరు. మూడు రెక్కల వికిరణ చిహ్నము గల పెట్టెను గాని, మోయలేనంత బరువుగల చిన్న సీసపు పాత్రను గాని విప్పరాదు. దూరముగా నుంచి, వెంటనే పోలీసులకు తెలుపవలెను.

ఇక మన సంఘము చేయదగిన పని. మొదటిది, ఎక్సురే తీయించుకొను చోట మండలి లైసెన్సు కలదా యని మర్యాదగా అడుగుట మన ఇంటివారికి అలవాటు చేయవలెను. రెండవది భాషకు సంబంధించినది. అణు కేంద్రము చుట్టును 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక వర్తించును. దానిని అమలు జరుపువారు జిల్లా కలెక్టరుగారు. ఆ సమయమున ఇంటిలోనే యుండుడని చెప్పుదురు, లేదా కదలిపొండని చెప్పుదురు. చదువురాని ముసలమ్మకు ఆ మాట అర్థము కాకున్న ప్రణాళిక యున్నను ఫలమేమి? మన రాజ్యాంగపు 350వ అధికరణము ఫిర్యాదును కేంద్రమందు గాని రాష్ట్రమందు గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను సమర్పించుకొను హక్కును మనకిచ్చినది. ఆ హక్కు ననుసరించి, తెలుగువారు గుంపుగా నివసించు ఆ ప్రాంతములలో సూచనలను రాష్ట్రభాషతో పాటు తెలుగులోను ముద్రింపవలెనని కలెక్టరువారికిని, మండలికిని విన్నపము పంపుదము. ఆ విన్నపపు చిత్తు కార్యదర్శిగారి వద్ద సిద్ధముగా నున్నది. అణు కేంద్రములకు చేరువలో నివసించు సభ్యులు వచ్చే సమావేశమునకు ముందుగా తమ సంతకములు చేయ ప్రార్థన.