తిండి లెక్క చెప్పే చదువు



గుడియాత్తంలో లుంగీ నేసే మన ఇండ్లల్లో చక్కెర జబ్బు పెరిగిపోయింది. గుంట మగ్గంలో కాళ్లు పెడితే పొద్దుగూకేదాకా లేవము కదా. ఆస్పత్రిలో తిండి చీటీ ఇస్తారు. కొన్నిట్లో ఓట్సు, యాపిల్ అని ఉంటుంది. చీటీ మేకుకు గుచ్చి, మనం సంగటే తింటాము. సంగటి చెడ్డది కాదు. ముద్ద ఎంత, పప్పెంత, ఆకుకూరెంత అన్నదే లెక్క. ఆ లెక్క మన వంటిల్లు తెలిసి, తెలుగూ అరవమూ వచ్చిన బిడ్డ చెప్తే మన అమ్మలు వింటారు.

"వంట నేర్చుకోను కాలేజీ ఎందుకు?" అని నవ్వేవాళ్లున్నారు. ఇది వంట చదువు కాదు. కిడ్నీ రోగికి ఉప్పు, పొటాషియం లెక్కగట్టే డైటీషియన్ చదువు. ప్లస్ టూలో సైన్సు, తర్వాత న్యూట్రిషన్ డిగ్రీ, ఆపైన పీజీ, ఆస్పత్రిలో శిక్షణ. డిగ్రీ అయినాక చదవను వేలూరు సీఎంసీలోనే డైటెటిక్స్ కోర్సుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలోనూ పీజీ ఉంది. అది 1918లో మన తమిళనాడు కూనూరులో పుట్టి, 1958లో అక్కడికి పోయిందే.

డాక్టరు సీటు రాలేదని బిడ్డ చదువు మాన్పించొద్దండి. ప్లస్ టూ మార్కుల షీటు తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. ఫారం దగ్గరుండి నింపిస్తాము.