వంటింటి కన్నడం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్కుతో చదువు ముగించి, రైల్వేలో గుమాస్తాగా చేరి, లెక్కలు రాసుకునేవాణ్ణి. భాషాసేవ వంటి పెద్ద విషయాలు పెద్దలకు వదిలి, వంటింటి మాటల గురించి చెబుతాను. వెనుక కూర్చున్న అమ్మలు నవ్వుతున్నారు. నవ్వండి, ఇది మీ విషయమే.

మా మేనల్లుడు మనీలాలో వైద్యం చదువుతున్నాడు. హాస్టలు తిండి పడక, స్నేహితులతో గది తీసుకొని స్వయంపాకం మొదలుపెట్టినాడు. అంగడికి పోయి టగలాగు భాషలో ‘కానిన్’ కావాలని అడిగితే, అమ్మే ఆవిడ ఎదుటి హోటలు వైపు చేయి చూపించిందట. కానిన్ అంటే వండిన అన్నం. బియ్యాన్ని బిగాస్ అనాలి, వడ్లను పాలాయ్ అనాలి. ఆ రాత్రి ఫోను చేసి, “మామయ్యా, నాకు తిండి మాటలే రావడంలేదు, ఇక చదువేం వస్తుంది? ఇంటికి వచ్చేస్తాను” అన్నాడు. వాడి చదువుకోసం మా అక్క రెండెకరాలు కుదువబెట్టింది. నా గుండె ఝల్లుమన్నది. “ఒరేయ్, మీ అత్తయ్య బళ్లారి కంటోన్మెంటులో పడిన పాట్లు విని, తర్వాత టిక్కెట్టు కొనుక్కో” అన్నాను. వాడికి చెప్పినదే ఇక్కడ చెబుతున్నాను.

మాది తెనాలి వైపు. బళ్లారికి ఉద్యోగం వచ్చినప్పుడు నేను భయపడలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు తెలుగు నాటకాలు రాసి ఆడించిన ఊరు, బళ్లారి రాఘవగారి ఊరు, ఇక్కడ తెలుగుకేమి లోటు అనుకొన్నాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినవి, బళ్లారి మైసూరులో చేరింది. చేరినా ఊళ్లో తెలుగు పోలేదు. కానీ ఆ తెలుగే మా ఇంటిదానికి సగం తెలియదు. కందిపప్పు అడిగితే “బ్యాళ్లా?” అంటారు. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ. ఇక పక్కింటావిడ ధారవాడ వైపు మనిషి, మాలాగే ఉద్యోగం మీద వచ్చినవారు. ఆమెకు తెలుగు ముక్క రాదు.

మా పిల్లవాడికి ఏడాది నిండకముందే విరేచనాలు పట్టుకున్నవి. నేను రాత్రి డ్యూటీలో ఉన్నాను. డాక్టరు మందిచ్చినాడు గాని బిడ్డ ఏమీ తాగడంలేదు. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి, “హెసరుబేళె బేయిస్రి, ఆ నీరు కుడిస్రి” అని చెప్పి పోయింది. హెసరుబేళె అంటే పెసరపప్పని మా ఇంటిది సరిగ్గానే గ్రహించింది. బేయిస్రి అంటే వేయించమన్నారనుకొని, బాణలి పెట్టి పప్పు వేయించింది. అంతవరకు బాగానే ఉన్నది, తర్వాత నీరెక్కడిది? ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకొని ఎర్రగా వేగిన పప్పును చూస్తూ కూర్చున్నది. పావుగంటకు ఆవిడ మళ్లీ వచ్చి, బాణలి చూసి, “అయ్యో తంగీ!” అని ఆ పప్పులోనే చెంబెడు నీళ్లు పోసి ఉడికించి, పైతేట చెంచాతో తానే పట్టింది. తెల్లవారి నేను వచ్చేసరికి బిడ్డ నిద్రపోతున్నాడు, మా ఇంటిది ఏడుస్తున్నది. బేయిసు అంటే ఉడికించడమని ఆ వేళ నేర్చుకున్నాము.

మన మాటకు చుట్టమైన మాటే ఎక్కువ మోసం చేస్తుంది. ‘ఈరుళ్ళి హెచ్చ్రి’ అంటే ఉల్లిపాయలు తరగమని. మేము ఎక్కువ వేయమన్నారనుకొన్నాము. నేతిని తుప్ప అంటారు. విందులో “తుప్ప హాకలా?” అని అడిగినప్పుడు, తుప్పు ఎందుకు వేస్తారు బాబూ అని విస్తరికి చేయి అడ్డం పెట్టినాను. నెయ్యి లేకుండానే తిని లేచినాను.

చుట్టరికం తెలిసిన తర్వాత సులువైనది. మన పకారం చాలా చోట్ల వారికి హకారం. పాలు హాలు, పులుపు హుళి, పండు హణ్ణు, పెసలు హెసరు. పాత కన్నడంలో అక్కడ పకారమే ఉండేది, కాలక్రమాన మారింది. మన వకారం వారికి బకారం. వెన్న బెణ్ణె, వెల్లుల్లి బెళ్ళుళ్ళి, కరివేపాకు కరిబేవు. ఈ వేళ మనం పచ్చడిలో వేసుకున్న వేపపువ్వే వారి బేవు-బెల్లంలో బేవు. అయితే పెరుగు మొసరు, బియ్యం అక్కి, ఆవాలు సాసివె. వీటికి సూత్రం లేదు, బట్టీ పట్టవలసిందే. తాలింపు వారికి ఒగ్గరణె. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన మన బళ్లారి ఉగ్గాని పేరు దానినుంచే వచ్చిందని నా ఊహ, పండితులు క్షమించాలి.

వస్తువుల పేర్లు వేలు పెట్టి చూపించి అయినా కొనవచ్చు. తరుగు, వేయించు, ఉడికించు, రుబ్బు అనే పనుల మాటలు ముందు నేర్చుకోమని మేనల్లుడికి చెప్పినాను. రుబ్బు ఒక్కటి కన్నడంలోనూ రుబ్బే, దేవుడి దయ! మనీలాలో వెల్లుల్లి, ఉల్లి నూనెలో వేయించడాన్ని గీసా అంటారట, స్పానిషువారు వదిలిపోయిన మాట. నీళ్లలో ఉడికించు అనడానికి ‘ఇలాగా’ అంటారట. “ఇలాగా అంటే, ఎలాగా అన్నాను మామయ్యా” అని మొన్న ఫోనులో నవ్వినాడు. వాడి నవ్వు విని ఎన్నాళ్లయిందో! సంపాలోక్ అంటే చింతపండని తెలుసుకొని చారు కాచినాడట. టిక్కెట్టు ఊసు ఎత్తలేదు.

కన్నడం వస్తే పిల్లలకు తెలుగు పోతుందని కొందరు పెద్దలంటారు. నాకా భయం లేదు. హాలు అంటే పాలు అని చెప్పాలంటే పాలు అనే మాట వచ్చి ఉండాలి గదా. మా వంటింటి గోడకు మా ఇంటిది రాసిన కాగితం ఉన్నది; ఎడమన తెలుగు, కుడిన తెలుగు లిపిలోనే కన్నడం. నూనె మరకలు పడి కొన్ని చోట్ల అక్షరాలు కనబడవు. కొత్తగా వచ్చిన కుటుంబాలవారు ఎవరైనా అడిగితే నకలు రాసి ఇస్తాను. నాకు ఆదివారం సెలవు.