పాలపిట్టా, పాల మాటా



చెనిక్కాయ చేలో కలుపు తీసేటప్పుడు పాలపిట్టను మీరు చూసే ఉంటారు. కరెంటు తీగమీద కదలకుండా కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే. ఎగిరిందంటే రెక్కల్లో నీలం మెరుస్తుంది.

ఈ పిట్టకు చుట్టాలు ఆఫ్రికాలో ఉన్నాయి. ఆఫ్రికా అంటే మనకు పడమరగా, సముద్రం అవతల ఉండే పెద్ద ఖండం. అక్కడ కెన్యా, టాంజానియా దేశాల్లో ఒక పాలపిట్ట ఉంది. దాని రొమ్ము వంగపూవు రంగు, పొట్ట నీలం. గడ్డికి నిప్పు అంటుకుంటే అది మంట దగ్గరికే వస్తుంది. వేడికి బయటికి దూకే పురుగులను పట్టి తింటుంది.

మన పిట్టా అంతే. ట్రాక్టరు దున్నుతుంటే వెంట వస్తుంది. మిడత, కీచురాయి, పేడపురుగు కదిలితే చాలు, దిగి పట్టుకుంటుంది. తేలును కూడా వదలదు. మరి ఇది రైతుకు చుట్టమే కదా!

పాలపిట్ట చెట్టు తొర్రలో కాపురం పెడుతుంది. ఎండిన తాటిమొద్దు అయినా సరే. 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. ఆడా మగా రెండూ పొదుగుతాయి. 17 నుంచి 19 రోజులకు పిల్లలవుతాయి. ఇంకో నెలకు పిల్లలు ఎగురుతాయి.

దీని పేరుతో ఒక పాత నమ్మకం ఉంది. ఈకలు తుంచి గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందట! పాల సంగతి మీకు ఒకరు చెప్పాలా? ఆవు పాలిచ్చేది పచ్చిమేతకు, తవుడుకు, చెనిక్కాయ చెక్కకు, కడుపునిండా నీళ్లకు. ఈకకు కాదు.

దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. చూడటం తప్పు కాదు. కానీ కొందరు దాన్ని పట్టి, రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. రెక్క తెగిన పిట్ట పురుగును ఎట్లా పట్టుకుంటుంది? ఆకలితో చస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. 2018 దాకా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఇదే. తెలంగాణకు ఇప్పటికీ ఇదే.

మనం చేయగలిగింది చిన్న పనే. చేనుగట్టున తొర్ర ఉన్న మొద్దును ఎండాకాలంలో నరకవద్దు. అది గుడ్లు పెట్టే కాలం. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. ఊళ్లోకి పంజరం తెస్తే, డబ్బులివ్వకండి.

పండగనాడు పాలపిట్టను చూడాలా? పొద్దున్నే చేనికి పోదాం. తీగమీదే చూద్దాం.