చలివేంద్రం ఎండాకాలానికేనా?

(బరంపురంలో మన సంఘ ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమూ, పద్యపఠనమూ అయిన పిమ్మట, మెట్రిక్ వరకు చదివిన ఒక రైల్వే గుమాస్తా లేచి నీళ్లను గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఉగాది విధులలో ప్రపాదానం ఒకటని పెద్దలు చెప్పగా వింటూనే ఉన్నాము. ప్రప అంటే చలివేంద్రమే. మన సంఘం ఏటా చైత్రంలో పందిరి వేసి, కుండలు పెట్టి, బాటసారుల దాహం తీరుస్తున్నది. నా మనవి అల్లా ఒక్కటే. ఆ చలివేంద్రాన్ని ఎండలతోపాటు కట్టిపెట్టక, తుఫాను కాలానికి కూడా సిద్ధంగా ఉంచాలి.

మన తీరానికి అసలు గండం ఆశ్వయుజ కార్తికాలలో ఉన్నది. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో ఒరిస్సాలో సుమారు పదివేలమంది పోయారు. ఎరసమ ప్రాంతంలో సముద్రం ఊళ్లమీదికి పొంగి, తాగే చెరువులను ఉప్పుచేసి పోయింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మన గోపాలపూర్ వద్దనే తీరం దాటింది. దాదాపు పది లక్షలమందిని ముందుగా తరలించినందువల్ల ఈసారి మృతుల సంఖ్య వందకైనా చేరలేదు. ఇది గొప్ప విషయం.

ప్రాణం దక్కింది సరే, తెల్లవారేసరికి దాహం మొదలైంది. కరెంటు స్తంభాలు నేలకూలాయి. కరెంటు లేనిదే పంపు ఆడదు. పంపు ఆడనిదే టాంకు నిండదు. టాంకు నిండనిదే కుళాయి రాదు. మేడమీద నల్లటాంకులున్న వారూ, గుడిసెలోనివారూ ఒకే బిందె పట్టుకుని వీధిలో నిలబడ్డారు. అప్పుడు ఆదుకున్నవి బోరింగులూ, మనం చెత్తకుండీలుగా మార్చగా మిగిలిన కొద్ది నూతులూను. 2019 మే 3న ఫణి వచ్చినప్పుడు పూరీ, భువనేశ్వరం వారికీ ఇదే అవస్థ కలిగింది.

ఉపద్రవం అనగానే మనం పాతబట్టలు మూటకడతాము. 2004లో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరంలో అట్టి బట్టలు తీసుకునేవారు లేక రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. ఇచ్చేవారి మనస్సు మంచిదే. కాని కావలసినది వేరు. సహాయ కార్యక్రమాలలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలని ఒక ప్రమాణం ఉన్నది. ఇంటికి ఐదుగురు చొప్పున నలభై ఇళ్ల వీధికి 3,000 లీటర్లు. గుమాస్తాను గనుక లెక్క చెప్పక మానను!

కాబట్టి మూడు పనులు సూచిస్తున్నాను.

మొదటిది, భాద్రపదంలోగా మన వీధులలోని నూతులకూ బోరింగులకూ జాబితా వేసి, పూడిక తీయించి, గిలకలు, తాళ్లు, వాషర్లు సరిచూడాలి.

రెండవది, బ్లీచింగు పొడి. మామూలు నూతికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలును. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న గుండ్రని నూతిలో సుమారు 5,300 లీటర్లుంటాయి. అంటే 13 గ్రాములు. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను నూతిలో కలిపి, గంటసేపు ఆగాలి. వరదనీరు చొరబడిన నూతికి ఈ లెక్క చాలదు. ముందు శుభ్రం చేసి, ఆరోగ్యశాఖవారిని అడిగి వేయాలి. ఈ పొడి గాలికీ, తేమకూ సారం కోల్పోతుంది గనుక ఏటా కొత్తది కొని, తేదీ రిజిస్టరులో రాయాలి.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. మన సొమ్ము మనవాళ్లకే ఖర్చు కావాలని సంఘంలో కొందరి అభిప్రాయం. వారిమీద నాకు గౌరవమే. అయితే మన తాతలు ఈ ఊళ్లో తాగిన నీరు ఎవరిదని అడిగి తాగారు? ఫైలిన్ మర్నాడు మా వీధిలో ఒక ఒరియా పెద్దావిడ పెరటి తలుపు తీసి, “తోడుకోండి” అన్నది. మన భాష ఏదని గాని, కులమేదని గాని అడగలేదు. నూతివద్ద వరుస వీధినిబట్టి ఉండాలి. సభ్యత్వ రసీదునుబట్టి కాదు. ముసలివారికీ, బాలింతలకూ, మంచం పట్టినవారికీ కుర్రవాళ్లు ఇంటికే మోసి ఇవ్వాలి.

ఖర్చంటారా? నాటకానికీ విందుకూ వసూలయ్యే చందాలో రూపాయికి పది పైసలు వేరుచేస్తే చాలును. విందులో ఒక పిండివంట తగ్గినందువల్ల ఉగాదికి లోటు రాదు.

రాబోయే కార్యవర్గ సమావేశంలో దీనిని తీర్మానంగా ప్రతిపాదిస్తాను. బలపరచేవారు ముందుకు రావలసిందిగా కోరుతున్నాను.