ఒడ్డున నిలిచి సముద్రపు వేట



సముద్రమున చేపలు పట్టుట యనగానే మనవంటి మెట్టసీమవారికి యంత్రపు పడవలు, నడిసముద్రము స్ఫురించును. ఉప్పల్, నాచారములకు సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారి. గోలకొండ సుల్తానుల నాడు ఈ సీమకు రేవు బందరు. నేడు కడలిచేప మంచుపెట్టెలలో లారీలపై వచ్చుచున్నది. రాంనగరు చేపల బజారులో వంజరమును, చందువను చూచినవారు మనలో పెక్కురు గలరు; వానిని పట్టువారిని చూచినవారు కొలదిమంది. పడవపై దూరము పోవువారి సంగతి మరియొకప్పుడు చెప్పుకొందము. నేడు నేను చెప్పదలచినది ఒడ్డుననే నిలిచి కడలినుండి చేపను తీయువారిని గూర్చి. ఇది మనకు పరాయి సంగతి కాదు. నాచారము చెరువుకట్టపై గాలము వేసినవాడును, భీమునిపట్టణపు ఇసుకలో మోకాలిలోతు నీట నిలిచినవాడును చేయు పని యొకటే. ఇరువురకును మొట్టమొదట కావలసినది ఒడ్డు.

పని యొకటియే యైనను నీటి తీరు వేరు. చెరువునీరు నిలుకడగా నుండును. అందు బెండు కదలినచో క్రింద చేప ఎరను ముట్టినదని తెలియును. అలల నడుమ బెండునకు అర్థము లేదు. అది ఎల్లప్పుడును కదలుచునే యుండును. కాబట్టి సముద్రమున గాలము వేయువాడు దారమునకు సీసపు గుండు కట్టి, ఎరను అడుగునకు దింపి, దారమును వ్రేలిపై నుంచుకొనును. చేప ఎరను ముట్టినది కంటికి గాక వ్రేలికి తెలియవలెను. ఎర యన్నచో మనవలె వానపాము కాదు. రొయ్య, చిన్న పీత, కోసిన కవ్వళ్ళ ముక్క. సీసము తేలికయైనచో అల దానిని ఒడ్డునకు తెచ్చి పడవైచును.

గాలము ఎచ్చట వేయవలెననుటలోనే విద్య యంతయు నున్నది. క్రొత్తవాడు బలమంతయు చూపి వీలైనంత దూరము విసరును. తెలిసినవాడు ముందు కొంతసేపు ఊరక నిలిచి అలలను చూచును. ఇసుక నీటిక్రింద సమముగా నుండదు. ఒడ్డున కెదురుగా కొంతదూరమున ఒక మెరక యుండును. అలలు దానిపై విరుగును. ఆ మెరకకును ఒడ్డునకును నడుమ నీరు కోసిన పల్లము కాలువవలె సాగును. అలలు త్రవ్విన ఇసుకలోనుండి వెడలు పీతలను, పురుగులను తినుటకు చేపలు ఆ పల్లమునకు వచ్చును. అల విరుగని చోటు లోతైన చోటని గురుతు.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. మెరక తెగిన తావున, ఒడ్డునకు వచ్చిన నీరంతయు ఒక్క దారిని వెనుకకు కడలిలోనికి పరుగిడును. అచ్చట అల లేక నీరు శాంతముగా కన్పట్టును. చూచి మోసపోయి స్నానమునకు దిగినవానిని లాగుకొనిపోవును. మన పిల్లలు విశాఖకు విహారయాత్ర పోవునప్పుడు ఈ సంగతి చెప్పి పంపుడు. ఆ లాగుడులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదరాదు. ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ ప్రవాహమును దాటిన పిమ్మట ఒడ్డుకు తిరుగవలెను.

ఇక పోటుపాటులు. చెరువు వానకు నిండి వేసవికి ఎండును. సముద్రము దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. ఆ వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడును. అమావాస్యకు, పున్నమికి పోటు హెచ్చు, అష్టములకు తగ్గు. విశాఖవద్ద పెద్ద పోటునకు సైతము నీరు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే లేచును. పంచాంగము చూచుట మనకును అలవాటే గదా. ఒడ్డువేటగానికి తిథి తెలియనిదే పని జరుగదు. నీరు ఎక్కుచుండగా చేప మేతకై ఒడ్డు దరికి వచ్చును. ప్రొద్దుపొడుపునకో సందెకో పోటు కలిసివచ్చినచో అంతకంటె మంచి వేళ లేదు.

జెట్టీలనుండి, రాతికట్టలనుండి గాలము వేయువారు ఇంకొక తెగ. నీటిలో దిగిన స్తంభములకు ఆల్చిప్పలును పాచియు పట్టును. వాని కొరకు చిన్నచేప, చిన్నచేపకొరకు పెద్దచేప చేరును. మన చెరువు తూమువద్దను, మునిగిన చెట్టుమొద్దులవద్దను చేప చేరుటయు ఇట్టిదే. అయితే జెట్టీపై నిలిచినవాడు నీటికి చాల ఎత్తున నుండును. చేప గాలమునకు చిక్కుటవరకు ఒక ఎత్తు, దారము తెగకుండ దానిని పైకి తెచ్చుట మరియొక ఎత్తు. రాళ్ళు పాచిపట్టి జారును. జెల్లచేప ముల్లును, టేకుచేప తోకముల్లును గ్రుచ్చుకొన్నచో బాధ దుర్భరము. ఓర్చుకొనగలిగినంత వేడినీట ఆ అవయవము నుంచి, ఆపైన వైద్యునికడకు పోవలెను.

గాలము ఒంటరివాని వేట. ఒడ్డువేటలలో ఘనమైనది పెద్దవల. దీనినే కొన్ని తావుల అలివివల యందురు. ఇది ఒక్కని వలన నగునది కాదు. ఒక వాడ వాడయంతయు కావలెను. వల నడుమ పెద్ద సంచి, దాని కిరువైపుల బారులుగా చాచిన రెక్కలు, రెక్కల కొనలకు పొడవైన త్రాళ్ళు. ఒక త్రాటికొనను ఒడ్డునవారు పట్టుకొందురు. పడవవారు వలను నీటిలో జారవిడుచుచు అర్ధచంద్రాకారముగా చుట్టివచ్చి, రెండవ త్రాటికొనను దూరముగా ఒడ్డుకు చేర్తురు. పిమ్మట రెండు జట్లు రెండు త్రాళ్ళను లాగుచు మెల్లమెల్లగా ఒకదాని కొకటి దగ్గరగును. ఒక జట్టు తొందరపడి ముందు లాగినచో వల వంకరపోయి చేప తప్పించుకొనును. అందుచేత పాటయో కేకయో ఉండవలెను, అడుగులు కలియవలెను. ముసలివారు, పిల్లలు, ఆ దారిని పోవువారు సైతము త్రాటికి చేయి వేయుదురు. రెండు మూడు గంటల లాగుడునకు సంచి తేలును. అందు నెత్తళ్ళు, కవ్వళ్ళు, కానాగంతలు, గొరకలు, సావళ్ళు, ఒక్కొక్కప్పుడు వట్టి నాచు.

పూర్వము ఈ వలను వేయు పడవకు ఇనుపమేకు లుండెడివి కావు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. మేకులు కొట్టిన పడవ అల విరుగుచోట నేలకు తాకి పగులును. కుట్టిన పడవ కొంచెము వంగి నిలుచును. దానినే మసూలా పడవ యనిరి. ఇప్పుడు ఆ చోటికి గాజుపీచు పడవలు వచ్చినవి.

వచ్చిన సొమ్ములో వలకును పడవకును భాగములు తీసి మిగిలినది లాగినవారు పంచుకొందురు. చేప ఒడ్డునకు చేరగానే బేరము స్త్రీలది. అమ్ముడుపోని నెత్తళ్ళను ఉప్పులో ఊరవైచి ఇసుకపై ఎండబెట్టుదురు. మంచుపెట్టెలు రాకమునుపు మన తెలంగాణపు అంగళ్ళలో సముద్రమన్నది ఎండుచేప రూపముననే కనబడెడిది. ఆ చేప మనదాక వచ్చుటకును ఒడ్డుననున్న ఎండుకళ్ళమే ఆధారము.

మీలో జగన్నాథయాత్ర చేసినవారు ఈ వేటగాండ్రను తప్పక చూచియుందురు. పూరీ సముద్రతీరమున యాత్రికులను చేయిపట్టి అలలలో స్నానము చేయించు నోలియాలు తెలుగువారే. మన ఉత్తరకోస్తానుండి వలసపోయి, తరతరములుగా అచ్చట వల లాగుచు, నేటికిని ఇంట తెలుగు మాటలాడుచున్నారు. ఒడ్డున్నచోటికి తమ విద్యను తీసికొనిపోయిరి.

ఈ వేటలో దోషము లేదని నేననను. పెద్దవల సంచి కన్ను సన్నము. ఎదుగవలసిన చేపపిల్లలును అందు పడును. గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డునకు వచ్చు తాబేళ్ళు వలలో చిక్కినచో విడిచిపెట్టవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వానిని కాపాడుచున్నది. అయితే ఒడ్డువాడు తీయు చేప, యంత్రపుటోడ అడుగంట దువ్వి తీయు చేప ముందర ఎంత? ఆంధ్రరాష్ట్రమున 1994 నాటి చట్టము తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు గల నీటిని చిన్నవేటగాండ్రకు వదలినది. వ్రాత అది, నీటిపై గీత గీయువా రెవరు? 2022 జనవరిలో విశాఖ పెదజాలరిపేట వద్ద రింగువలల విషయమున వేటగాండ్ర నడుమనే కలహము పుట్టి పడవలు తగులబడినవి. ఒకే వృత్తివారు, ఒకే నీరు, అయినను అంతవరకు వచ్చినది.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధము. చేప గ్రుడ్లు పెట్టుకాలమని ఈ కట్టడి. ఇందు మనకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. మిరుగునాడు చేప తినుట మన ఆచారము. ఆ మిరుగు జూన్ 7 గాని 8 గాని తేదీలకు వచ్చును. మనకు చేప మిక్కిలి కావలసిన దినమున తూర్పుకడలిలో యంత్రపు పడవలు కట్టుగుంజలకు కట్టుపడియుండును! నాడు మన పళ్ళెములోనికి వచ్చునది చాలవరకు చెరువుచేప: బొచ్చె, రవ్వ, కొర్రమీను. సముద్రమున యంత్రము లేని పడవకు ఆ నిషేధము లేదు గనుక ఆ నెలలలోను చేయిచేత లాగు పెద్దవల ఆడుచునే యుండును.

ఇప్పుడు ఒడ్డు సంగతికి వత్తును. మన తూర్పుతీరమున ఇసుక నిలుచునది కాదు. అలలు దానిని ఏడాదిలో హెచ్చుకాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. విశాఖపట్టణపు ఓడరేవు 1933లో తెరువబడెను. అది కట్టునప్పుడే ఈ నడచు ఇసుక రేవు ముఖమును పూడ్చునని యెరిగి, దానిని ఆపుటకు రెండు పాత ఓడలను రాళ్ళతో ముంచి అడ్డుకట్టగా చేసిరి. దక్షిణమున ఆగిన ఇసుక ఉత్తరమునకు చేరదు. చేరనిచోట అల ఒడ్డును కోయును. అందుచేత రేవువద్ద త్రవ్వితీసిన ఇసుకను గొట్టముల ద్వారా నగరపు తీరమునకు మరల పోయుట ఆనవాయితీ యైనది. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడవద్ద కడలి ఇండ్లను, దారిని పలుమార్లు కోసికొనిపోయినది. కోతకు అడ్డుగా రాళ్ళు పోసినచో దారి కొంతకాలము నిలుచును. కాని రాళ్ళగుట్టపై పెద్దవల లాగుట ఎట్లు? వలకు మెత్తని ఇసుక వాలు కావలెను. చేప నీటిలో నున్నను, వల చేతిలో నున్నను, నిలుచుటకు చోటు లేక వేట పోవును.

చట్టము ఈ మాట గుర్తింపకపోలేదు. 1991 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము పోటునీటి గీతనుండి 500 మీటర్ల వరకు తీరమున కట్టడములను నియంత్రించుచు ప్రకటన చేసెను. 2019 ప్రకటనలో జనసాంద్రత హెచ్చుగాగల పల్లెతీరములలో కట్టడములు కూడని మేర 200 మీటర్లనుండి 50 మీటర్లకు దిగినది. ఇది పల్లెకారులు ఇండ్లు కట్టుకొనుటకు అనుకూలమని కొందరు, పెద్ద భవనములకే అనుకూలమని కొందరు. నాకు రెండవవారి భయమే సబబని తోచుచున్నది. ఇసుకపై భూమివెల హెచ్చినచోట వల లాగువాడు చిరకాలము నిలిచిన జాడ అరుదు.

మన ఉప్పల్ నల్లచెరువునకు, నాచారము చెరువునకు వ్రాసియున్నది అంతకంటె చిన్న కొలత. 2012 నాటి ఉత్తర్వు ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు గీత వెలుపల 30 మీటర్లు, అంతకు తక్కువైన దానికి 9 మీటర్లు వదలవలెను. ఆ గీత ఎచ్చట నున్నదో తేల్చుటయే కష్టము. వేసవిలో చెరువు వెనుకకు పోయినప్పుడు చూచినవానికి అది ఒక చోట, వానకాలమున చూచినవానికి మరియొక చోట. చుట్టు ఇండ్లు, కర్మాగారములు లేచి, మురుగు వచ్చి కలిసినపిమ్మట గాలము వేయువానికి నిలుచుటకు కట్ట మిగిలినను పట్టిన చేపను ఇంటికి తీసికొనిపోవు ధైర్యము మిగులదు. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ బాగుచేయుటకు మొదట ఎన్నుకొన్న చెరువులలో ఉప్పల్ నల్లచెరువు ఒకటి.

ఇటువంటి చెరువునకు హద్దు నిర్ణయించునప్పుడు అధికారులు మొదట ప్రాథమిక ప్రకటన చేసి, ఆక్షేపణలు తెలుపుటకు గడువిత్తురు. పటములో గీత ఎట్లు గీచినను, వాననీరు ఏ చెట్టువరకు, ఏ గుడిమెట్టువరకు ఎక్కెడిదో చూచిన కన్నులు మీవి. 2020 అక్టోబరు వానలలో నగరమున నీరు ఇండ్లలోనికి వచ్చినప్పుడు అది తన పాతచోటునే వెదకికొనెనని మీలో కొందరైనను అనుకొనియుందురు. ఆ గుర్తులను వ్రాసి, తేదీ వేసి, ఇద్దరు ముగ్గురు పెద్దలు సంతకము చేసి ఆ గడువులోపల అందజేయవచ్చును. గడువు దాటిన పిదప కడపటి ప్రకటన వెలువడును.