పండుగల నెలల్లో మన కుండీల మొక్కలు



దీపావళి వెళ్ళింది. కార్తీకమాసం వచ్చింది. తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టేసరికి ఒళ్ళు జివ్వుమంటోంది కదూ! ఈ చలి మనకు తెలిసినట్టే మన పెరట్లోనూ, డాబా మీదా, బాల్కనీలోనూ ఉన్న మొక్కలకీ తెలుస్తుంది. ఇప్పటినుంచి సంక్రాంతి దాకా వాటిని ఎలా చూసుకోవాలో ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా తులసమ్మ సంగతి. నాకు తెలిసిన ఒకరింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి కార్తీకం నెల్లాళ్ళూ ఎంతో భక్తిగా పూజ చేసింది. రోజూ చెంబెడు నీళ్ళు పోసింది, దీపం పెట్టింది. పుష్యమాసం వచ్చేసరికి చెట్టు నిలువునా ఎండిపోయింది. "అడుగు పెట్టిన ఏడాదే తులసి ఎండిందమ్మా" అని ఎవరో అననే అన్నారు. పాపం, ఆ పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ మాట అన్నవాళ్ళు కుండీలో ఒక్కసారి వేలు పెట్టి చూసి ఉంటే అసలు విషయం తెలిసేది. లోపల మట్టి బురద బురదగా ఉంది. అడుగున చిల్లు పూడిపోయింది. పోసిన నీరు పోయే దారిలేక వేళ్ళు కుళ్ళిపోయాయి. అది కీడు కాదు, కోడలి పాదమూ కాదు. ఎక్కువైన నీరు, అంతే.

ఎండాకాలంలో ఆకుల గుండా నీరు త్వరగా ఆవిరై పోతుంది. అప్పుడు రెండు పూటలా పోసినా చెల్లుతుంది. చలికాలంలో ఎండ తక్కువ, మొక్క ఎదుగుదలా తక్కువ. కుండీ తడి రెండు మూడు రోజుల దాకా ఆరదు. అలాగని పూజకు నీళ్ళు పోయవద్దని నేను అనడం లేదు. ఉద్ధరిణెతో పోసినా పూజే కదా! మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. పొడిగా తగిలితేనే చెంబుతో పోయండి. అదీ ఉదయంపూట పోస్తే సాయంత్రానికి పైతడి ఆరుతుంది. నెల్లూరు వైపు వారికి కార్తీకమంటే వానల కాలమే కనుక కుండీ అడుగు చిల్లును పుల్లతో పొడిచి చూసుకోవడం మరీ అవసరం.

దీపం ప్రమిదను మొదలుకు ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టండి. సెగకు లేత బెరడు కమిలిపోతుంది. నూనె, పసుపు, కుంకుమ మట్టిలో పడకుండా కోట గట్టు మీదే ఉంచండి. క్షీరాబ్ది ద్వాదశికి పక్కన గుచ్చిన ఉసిరికొమ్మను పూజ అయ్యాక తీసేయండి. అది అక్కడే కుళ్ళితే తులసికే చేటు. వెన్నులు బాగా వేసి గింజ కట్టిన తులసి సహజంగానే నీరసిస్తుంది. కనుక వెన్నులు లేతగా ఉండగానే గిల్లేస్తూ ఉండండి. ఆదివారం, ద్వాదశినాడు తుంచకూడదన్న పట్టింపు ఉన్నవారు మిగతా రోజుల్లో ఆ పని చేసుకోవచ్చు. రెండు వెన్నులు మాత్రం ఎండనిచ్చి, గింజలు దాచండి. మాఘం దాటి చలి తగ్గాక వేరే కుండీలో చల్లితే మరో మొక్క సిద్ధంగా ఉంటుంది.

ఇక చామంతి. "మొక్క ఏపుగా ఉంది, పువ్వు మాత్రం లేదు" అని చాలామంది అంటూ ఉంటారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఒకే తల్లిమొక్క నుంచి తీసిన రెండు పిలకల్లో పెరట్లోది విరగబూసింది. వీధి వరండాలోది ఆకులే వేసింది. ఎరువు చాలలేదేమోనని ఇంకాస్త వేశాను. ఫలితం లేదు. వరండాలో రాత్రంతా వెలిగే బల్బు కిందే ఆ కుండీ ఉందని చాలా ఆలస్యంగా తట్టింది!

కొన్ని మొక్కలు పగలూ రాత్రీ పొడవును బట్టి పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వారు పొగాకు, సోయాచిక్కుడు మొక్కల మీద ప్రయోగాలు చేశారు. మన హైదరాబాదులో జూన్‌లో పగలు సుమారు 13 గంటలైతే, డిసెంబరులో 11 గంటలే. ఈ పొడుగు రాత్రులే చామంతికి మొగ్గ తొడిగే వేళ. రాత్రి నడుమ దీపం వెలుతురు పడితే దానికి రాత్రి అయినట్టే తెలియదు. కనుక వీధిదీపానికి, వరండా బల్బుకు, పండక్కి కట్టిన రంగు బల్బుల తోరణాలకు చామంతి కుండీని దూరంగా జరపండి. పగలు మాత్రం నిండుగా ఎండ తగలాలి. పూలు అయిపోయాక మొక్కను పారేయకండి. కాడలు కొంత మేరకు కత్తిరించి ఉంచితే మొదట్లో పిలకలు వస్తాయి. వచ్చే ఏటికి అవే మొక్కలు. మన నాటు చిక్కుడు పాదూ అంతే, పొద్దు తగ్గాకే పూతకు వస్తుంది. రథసప్తమికి రథం కట్టడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు కావాలంటే ఇప్పటి పూతను పేనుబంక నుంచి కాపాడుకోవాలి. పేనుబంక కనిపిస్తే లీటరు నీటిలో చెంచాడు వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రంపూట ఆకుల అడుగున పడేలా చల్లండి.

ఇప్పుడు విత్తుకునే వాటికి సంక్రాంతి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. బంతి విత్తనం నుంచి పువ్వుకు సుమారు రెండు నెలలు. గొబ్బెమ్మలకు మన ఇంటి పువ్వే పెట్టాలంటే కార్తీకం మొదట్లోనే చల్లాలి. ఆలస్యమైతే నర్సరీలో నారు తెచ్చుకోండి. వంటింట్లో మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే నెలలోపే కూర చేతికి వస్తుంది. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలుగా చేసి చల్లండి. మొలక రావడానికి పది రోజులు పట్టినా కంగారుపడకండి. నలభై, నలభై అయిదు రోజులకు కొత్తిమీర కోసుకోవచ్చు. పాలకూరకు, ముల్లంగికి ఈ చలి బాగా సరిపడుతుంది. తోటకూర మాత్రం కాస్త మందగిస్తుంది. పాత బకెట్టయినా, నూనె డబ్బా అయినా అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపితే చాలు.

చివరగా ఒక్క మాట. ఈ నెలల్లో మొక్క కోరేది మితమైన నీరు, పగలు ఎండ, రాత్రి చీకటి. ఇంత చేసినా ఒక మొక్క పోవచ్చు. పోతే కుండీ చూడండి, మట్టి చూడండి, చిల్లు చూడండి. ఇంట్లో ఆడపిల్ల ముఖం కేసి మాత్రం చూడకండి. నేను చెప్పిన ఆ అమ్మాయి దాచిన గింజలే మళ్ళీ చల్లింది. వాళ్ళ కోటలో ఇప్పుడు ఉన్నది ఆ తులసే.

సెలవు.