ఆపరేషన్ కుదరదంటే వైద్యం లేదని కాదు
(సంఘం ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత రేడియేషన్ వైద్యుని ప్రసంగ పాఠం)



మన వయసువారికి కిడ్నీకో మూత్రాశయానికో కేన్సర్ వచ్చినప్పుడు తరచు వినబడే మాట ఒకటుంది. "వయసు మీరింది, గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ కుదరదు" అని. ఆ మాట వినగానే చాలా కుటుంబాలవారు రోగిని ఇంటికి తీసుకుపోయి దేవుడిమీద భారం వేస్తారు. కాని డాక్టరుగారు చెప్పింది కత్తి పెట్టలేమని మాత్రమే. వైద్యమే లేదని కాదు. ఈ తేడా చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

ఇలాంటివారిలో కొందరికి పనికొచ్చేది రేడియేషన్. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు గాని, ఇందులో ఒంటికి కరెంటు తగిలేదేమీ లేదు. ఇవి ఎక్స్‌రే జాతివే, అంతకంటె ఎంతో శక్తిగల కిరణాలు. వాటిని అనేక దిక్కులనుంచి పంపి గడ్డ దగ్గర కలిసేటట్లు చేస్తారు. దారిలోని పేగులకు, చర్మానికి తగిలేది తక్కువ, గడ్డకు తగిలేది ఎక్కువ.

చిక్కంతా గురి దగ్గరే. కిడ్నీ మన ఊపిరితోపాటు పైకీ కిందికీ కదులుతుంది. అందుకని ఆ కదలికతో సహా ముందే స్కానింగ్ తీసి లెక్క కడతారు. ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ దేశాలలో ఆపరేషన్ కుదరని, లేక వద్దన్న 70 మంది కిడ్నీ కేన్సర్ రోగులకు ఇలా చేశారు. వారిలో సగంమంది 77 ఏళ్లు, ఆ పైబడినవారే. గడ్డ 4 సెంటీమీటర్ల లోపుంటే ఒకే ఒక్క విడత, అంతకు మించితే మూడు విడతలు. 2024లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తరువాత చూస్తే చికిత్స చేసినచోట గడ్డ ఎవరికీ మళ్లీ పెరగలేదు. అయితే తీవ్రమైన ఇబ్బందులు పదిమందిలో ఒకరికి వచ్చాయి. కిడ్నీ పనితనం కూడా కొంత తగ్గింది. ఈ సంగతీ మనం తెలుసుకోవాలి.

మూత్రాశయం సంగతి వేరు. అది నిండుతుంది, ఖాళీ అవుతుంది. నిన్నటి సైజు ఇవాళ ఉండదు. బ్రిటన్‌లో పరిశోధకులు ఒక్కొక్క రోగికి చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు ప్లానులు సిద్ధం చేసుకుని, ఆ పూట బల్లమీదే స్కానింగ్ తీసి సరిపోయేది వాడారు. రోజూ ఆసుపత్రికి రాలేని వృద్ధులకు వారానికొకసారి, మొత్తం ఆరు విడతలు ఇచ్చారు. ఈ ఫలితాలు 2021లో వచ్చాయి.

కాస్త ఓపిక ఉన్నవారికి ఇంకో పద్ధతి ఉంది. మూత్రద్వారం గుండా గొట్టం పంపి గడ్డను వీలైనంత తీసివేసి, తరువాత కొన్ని వారాలు రేడియేషన్, దానితోపాటు కీమో మందు ఇస్తారు. 360 మందిపై జరిపిన బ్రిటిష్ పరిశోధన 2012లో వెలువడింది. రెండేళ్లకు ఆ చోట కేన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు ఈ పద్ధతిలో 67 శాతం, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 54 శాతం.

ఇది అందరికీ పనికొస్తుందని అనను. కేన్సర్ ఇతర అవయవాలకు పాకితే దీనితో నయం కాదు. అప్పుడు కూడా మూత్రంలో రక్తం పోవడాన్ని కొద్ది విడతలతో అదుపు చేయవచ్చు. చికిత్స రోజుల్లో నీరసం, మాటిమాటికీ మూత్రం, మంట, విరేచనాలు ఉండవచ్చు. ఒక్క భయం మాత్రం వదిలేయండి. బయటి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు. ఇంటికి వెళ్లి మనవడిని నిశ్చింతగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

"ఆపరేషన్ కుదరదు" అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎందువల్ల కుదరదు? జబ్బు ఎక్కడికైనా పాకిందా? నా కిడ్నీలు ఎంతమేరకు పనిచేస్తున్నాయి? రేడియేషన్ డాక్టరుకు ఒకసారి చూపించుకోవచ్చా? ఈ నాలుగోది తప్పక అడగండి. మీ ఆరోగ్య కార్డుకు ఆ చికిత్స వర్తిస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

చివరగా ఒక్కమాట. మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా, నొప్పి లేకపోయినా, వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకండి. పొగతాగేవారు మరీ జాగ్రత్త, మూత్రాశయ కేన్సర్‌కు పొగాకే పెద్ద కారణం. వెంటనే చూపించుకుంటే ఆపరేషనా, రేడియేషనా అని ఎంచుకునే అవకాశమైనా చేతిలో ఉంటుంది.